చక్రం విప్పి చూద్దాం

*కారు బ్రేకు డిస్కులు ఇంట్లోనే మార్చుకోవచ్చంటూ వీడియోలు వెల్లువెత్తుతున్నాయి. ఒకపక్క ఉప్పుగాలి, మరోపక్క ఘాట్‌రోడ్డు ఉన్న విశాఖలో అది దుస్సాహసమా, నేర్చుకోదగ్గ పనా?*

డిసెంబరు ఆదివారం, పొద్దువాలే వేళ. అరకు నుంచి దిగే కార్లు అనంతగిరి ఘాట్‌లో బారులు తీరి ఉంటాయి. ప్రతి మలుపులోనూ వెనక ఎర్రలైట్లు వెలిగి ఆరి మళ్లీ వెలుగుతుంటాయి. డముకు దగ్గరపడేసరికి కిటికీ అద్దం దించినవాళ్లకు కాఫీ తోటల చల్లగాలి బదులు మాడు వాసన తగులుతుంది. రోడ్డువార ఒక చిన్న కారు ఆగి ఉంటుంది. ముందు చక్రాల సందుల్లోంచి సన్నగా పొగ. పిల్లలు బొంగులో చికెన్ పొట్లం పట్టుకుని బిక్కమొహాలతో నిలబడితే, తండ్రి నీళ్ల సీసా మూత తీసి చక్రం వైపు వంగుతాడు. “పొయ్యకండి బాబూ, పగిలిపోద్ది!” అని వెనక ట్యాక్సీ డ్రైవరు కేకేస్తాడు. ఎర్రగా కాగిన పోత ఇనుము మీద చన్నీళ్లు పడితే ఏమవుతుందో అతనికి తెలుసు. కారు సొంతదారుకి తెలియదు. ఆ చక్రం వెనక డిస్కు అనేది ఒకటుందని, అది అరుగుతుందని, దానికో ఆయుష్షుందని కూడా చాలామంది సొంతదారులకు ఆ ఘాట్‌లోనే మొదటిసారి తెలుస్తుంది.

ఈ సీజన్‌లో కొత్తగా వినిపిస్తున్న మాట ఏమిటంటే, ఆ డిస్కుల్ని మనమే మార్చేసుకోవచ్చని. ఫోనులో ఒక వీడియో చూసి, ఆన్‌లైన్‌లో డిస్కుల జత తెప్పించి, అపార్ట్‌మెంటు సెల్లార్‌లో జాకీ ఎత్తేవాళ్లు విశాఖలో కనిపిస్తున్నారు. చూసినవాళ్లలో సగంమంది మెచ్చుకుంటున్నారు, మిగతా సగం “బ్రేకుతో ఆటలా?” అంటున్నారు. రెండు పక్షాలూ అసలు ప్రశ్నను దాటవేస్తున్నాయని నాకనిపిస్తుంది. డబ్బు మిగులుతుందా లేదా, మెకానిక్కు కంటే బాగా చేయగలమా లేదా అన్నది తర్వాతి సంగతి. మన దేశంలో సొంత కారు బ్రేకును చూసే బాధ్యత ఎవరిది? చట్టం ప్రకారం చూసినా, అలవాటు ప్రకారం చూసినా అది సొంతదారుదే. ఆ చూపు అలవడటానికి, కాస్త హద్దుల్లో ఉండి, ఒక్కసారైనా డిస్కు మార్చడాన్ని మించిన చదువు లేదన్నది ఈ కథనం వాదన.

పొగకు పరీక్ష ఉంది, బ్రేకుకు లేదు

మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాడకపు కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. లారీ, బస్సు, ట్యాక్సీల మాదిరిగా దానికి మధ్యలో ఫిట్‌నెస్ పరీక్ష అక్కర్లేదు. పొగ సర్టిఫికెట్ మాత్రం గడువు తీరినప్పుడల్లా తీసుకోవాలి. అంటే కారు వెనక నుంచి వచ్చే పొగను కొలిచేవాళ్లున్నారు గానీ, ముందు చక్రంలో డిస్కు ఎంత మిగిలిందో అడిగేవాళ్లు 15 ఏళ్లపాటు ఎవరూ లేరు. బ్రిటన్‌లో కారుకు మూడేళ్లు నిండితే ఏటా పరీక్ష చేయించాలి. జపాన్‌లో కొత్త కారుకు మూడేళ్లకు, ఆ తర్వాత రెండేళ్లకోసారి. అక్కడ ప్రభుత్వం చేసే పనిని ఇక్కడ మనం ‘సర్వీసింగ్‌లో చూసే ఉంటార్లే’ అన్న నమ్మకానికి వదిలేశాం. వారంటీ ఉన్నంతకాలం కారు సర్వీసు సెంటరుకు వెళ్తుంది కాబట్టి ఆ నమ్మకానికి కొంత ఆధారం ఉంటుంది. ఐదారేళ్లు దాటాక ఆయిల్ మార్పుకే పరిమితమైన కార్లకు ఆ ఆధారమూ ఉండదు.

పోనీ మెకానిక్కు చూస్తాడు కదా అంటే, చూస్తాడు, మనం అడిగితే. ఆటోనగర్‌లో రోజుకు పదిరకాల బళ్లు చూసే మనిషి, గేరు పడట్లేదని తెచ్చిన కారుకు నాలుగు చక్రాలూ విప్పి డిస్కు మందం కొలవడు. కొలవాలని ఆశించడం న్యాయమూ కాదు. అడగాలంటే ఏం అడగాలో తెలియాలి. చిక్కు అక్కడే ఉంది.

ఉప్పుగాలి చేసే పని

డిస్కు చాలా కార్లలో గ్రే కాస్ట్ ఐరన్‌తో, అంటే పోత ఇనుముతో చేస్తారు. ఉక్కు నగరంలో ఉన్నాం కాబట్టి ఒక ముచ్చట చెప్పుకోవాలి. విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి బయటికొచ్చే కడ్డీలు, వైర్ రాడ్లు ఉక్కు. మన డిస్కు ఉక్కు కాదు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న అక్కడి బ్లాస్ట్ ఫర్నేసుల్లోంచి పారే ద్రవ ఇనుముకే అది దగ్గర చుట్టం. ఆ ఇనుములో కార్బన్ సుమారు నాలుగు శాతం. దాన్ని బాగా తగ్గిస్తే ఉక్కు అవుతుంది. మూడు, మూడున్నర శాతం దగ్గర ఉంచి పోత పోస్తే, ఆ కార్బన్ లోపల సన్నని గ్రాఫైటు పలుకులుగా పరుచుకుంటుంది. ఆ పలుకులు వేడిని త్వరగా లాగేస్తాయి, కీచుమనే కంపనాన్ని అణుస్తాయి. చవకగా దొరికే లోహాల్లో బ్రేకుకు ఇంత తగినది మరొకటి లేదు. ఉన్న లోపమల్లా ఒక్కటే, తుప్పు. బ్రేకు వేసినప్పుడు డిస్కును నొక్కిపట్టే ప్యాడు రుద్దుకునే ముఖానికి రంగు వేయలేం, నూనె రాయలేం. అది ఎప్పుడూ గాలికి నగ్నంగానే ఉండాలి.

ఆ గాలి విశాఖలో ఎలాంటిదో వేరే చెప్పాలా? బీచ్ రోడ్డు ఇళ్ల కిటికీ ఊచలు, బాల్కనీ ఇనుప రెయిలింగులు చూస్తే చాలు. రాత్రి వాన పడితే తెల్లారేసరికి డిస్కు మీద కనిపించే నారింజ రంగు పొర గురించి భయపడక్కర్లేదు. నాలుగు బ్రేకులు వేస్తే తుడుచుకుపోతుంది. ప్రమాదం వారాల తరబడి కదలని కార్లది. ఈ ఊళ్లో అలాంటి కార్లు తక్కువేం కాదు. మర్చంట్ నేవీ ఉద్యోగి ఆరు నెలలు ఓడ మీద ఉంటే, అతని కారు ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో ముసుగు కప్పుకుని నిలబడి ఉంటుంది. నావికాదళంలో పనిచేసే వాళ్ల కార్లదీ అదే కథ. ముసుగు కింద చెమ్మ నిలుస్తుంది. ప్యాడు ఆనిన చోట ఒకలా, ఆననిచోట మరొకలా తుప్పు తిని, డిస్కు మీద గుంటలు పడతాయి. సెలవు మీద వచ్చిన మనిషి కారు తీయగానే స్టీరింగ్ వణుకుతుంది. వాడకం లేని కారు బ్రేకు చెడిపోవడమేమిటని అతనికి ఆశ్చర్యం. నిజానికి వాడకపోవడమే ఇక్కడ జబ్బు. ఎలక్ట్రిక్ కార్లలో మోటారే వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి డిస్కుకు పని తగ్గి, తుప్పు పట్టే అవకాశం ఇంకా పెరుగుతుంది.

> డిస్కు ఎప్పుడు పోయినట్టు?
> కనిష్ఠ మందం ఎంతో డిస్కు అంచు మీదో మధ్యలో టోపీలా ఉబ్బిన భాగం మీదో అచ్చు వేసి ఉంటుంది. చిన్న కార్లలో కొత్త మందానికీ ఈ కనిష్ఠానికీ తేడా సాధారణంగా రెండు మిల్లీమీటర్లే. వేలితో తడిమితే అంచున గట్టులా తగలడం, ముఖం మీద లోతైన గాడులు, జుట్టంత పగుళ్లు, నీలిరంగు మచ్చలు చూసుకోవాలి. బయటి ముఖం మెరుస్తున్నా లోపలి ముఖం తుప్పుతో తినేసి ఉండవచ్చు. చక్రం విప్పకుండా అది కనబడదు.

దిగుడులో పుట్టే వేడి

ఇక కొండ సంగతి. మనుషులతో, సామానుతో కలిపి 1,200 కిలోల బరువున్న కారును గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి ఆపితే దాదాపు మూడు లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. అదే కారు సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకు లోయ వైపు నుంచి మైదానానికి దిగేటప్పుడు 800 మీటర్లు కిందికి వచ్చిందనుకుంటే, వదిలించుకోవాల్సిన శక్తి 94 లక్షల జౌళ్లు. అంటే 80 కిలోమీటర్ల వేగం నుంచి ముప్ఫైసార్లకు పైగా ఆగినంత. కొంత గాలి తీసుకుంటుంది, తక్కువ గేరులో దిగితే చాలావరకు ఇంజిను తీసుకుంటుంది. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో దిగేవాడికి మిగతా భారమంతా బ్రేకుల మీదే. నిండు మందం ఉన్న డిస్కు ఆ వేడిని కొంతసేపు దాచుకోగలదు. అరిగి పలచబడిన డిస్కులో దాచుకునే చోటు ఉండదు. ఆ వేడి ప్యాడు దాటి బ్రేకు ఆయిల్‌ను తాకుతుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు. గాలిలోని చెమ్మ పీల్చుకున్నాక ఆ రకానికి నిర్దేశించిన కనీసం 155 డిగ్రీలే. సముద్రం ఒడ్డు ఊళ్లో చెమ్మకు కొదవేముంది? ఆయిల్ మరిగి ఆవిరి బుడగ పుడితే పెడలు మెత్తగా నేలదాకా దిగిపోతుంది.

2021 ఫిబ్రవరి 12 రాత్రి ఇదే ఘాట్‌లో డముకు దగ్గర హైదరాబాద్ పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. బస్సు బ్రేకుల తీరు వేరు, కారు డిస్కు తీరు వేరు. రెంటినీ కలిపి చూడటం సరికాదు. దిగుడు మాత్రం అందరికీ ఒక్కటే.

డబ్బు కోసమైతే వద్దు

అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లు ఇంటి ముందు డ్రైవ్‌వేలో బ్రేకులు మార్చుకుంటున్నారంటే అందులో ఆర్థికశాస్త్రం ఉంది. అక్కడ సామాను కంటే మనిషి గంట ఖరీదు. ఇక్కడ లెక్క తలకిందులు. చిన్న కారు ముందు డిస్కుల జతకూ ప్యాడ్లకూ కలిపి అయ్యే ఖర్చులో మజూరీ చిన్న ముక్క. ఈ పని సరిగ్గా చేయడానికి కావాల్సిన మంచి జాకీ, రెండు స్టాండ్లు, సాకెట్ సెట్టు, టార్క్ రెంచి కొంటే ఆ మజూరీకి కొన్ని రెట్లవుతుంది. ఆదా అవుతుందని చెప్పే వీడియోలు మన ఊరి లెక్క చెప్పడం లేదు. కాబట్టి మెకానిక్కుల పొట్ట కొడుతున్నారన్న అభ్యంతరం కూడా నిలవదు. సెల్లార్‌లో డిస్కు మార్చుకునేవాళ్లు ఎంతమందైనా ఆటోనగర్‌ను ఖాళీ చేయలేరు. పైగా అరిగిన డిస్కును పట్టుకెళ్లి ‘ఇది కనిష్ఠానికి దిగింది, లేత్ మీద ఫేసింగ్ చేయొద్దు, కొత్తది వేయండి’ అనగలిగే గిరాకీ మంచి మెకానిక్కుకు మేలే చేస్తాడు. తెలిసిన గిరాకీ వల్ల నష్టపోయేది తెలియనివాణ్ని నమ్ముకుని బతికేవాడు మాత్రమే.

మరి ఎందుకు చేయాలి? సొంత చేత్తో చేసే పనిలో తొందర ఉండదు కాబట్టి. ఈ పనిలో తొందర ఎక్కడ దెబ్బ తీస్తుందో చూడండి. బ్రేకు వేస్తే స్టీరింగ్ వణికితే ‘డిస్కు వంకరపోయింది’ అంటారు. చాలాసార్లు డిస్కు వంగదు. దాన్ని బిగించే హబ్ ముఖం మీద తుప్పు పొర ఉంటుంది. దాని మీదే కొత్త డిస్కు పెట్టి బిగిస్తే, హబ్ దగ్గర అర పిసరు తేడా డిస్కు అంచుకు వచ్చేసరికి పెరుగుతుంది. తయారీదారులు ఒప్పుకునే ఊగిసలాట సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతు లోపే. కొత్త డిస్కు మొదట్లో బాగానే ఉంటుంది. ప్రతి చుట్టులోనూ ఒకేచోట ప్యాడును రాసుకుంటూ, కొన్ని వేల కిలోమీటర్లకు ఆ చోట మందం తగ్గి మళ్లీ వణుకు మొదలవుతుంది. అప్పుడు డిస్కు కంపెనీని తిడతాం. వైరు బ్రష్షుతో హబ్‌ను పది నిమిషాలు తళతళలాడేదాకా తోమితే ఇదంతా ఉండదు. సాయంత్రంలోపు ఆరు కార్లు వదలాల్సిన షెడ్డులో ఎగిరిపోయేవి ఆ పది నిమిషాలే. ఆదివారం పొద్దున్న సెల్లార్‌లో ఉన్నవాడికి కావాల్సినంత తీరిక.

అసలు పని ఎంత?

విడదీసి చూస్తే పెద్దదేం కాదు. చదునైన నేల మీద కారు ఆపి, గేరులో వేసి, వెనక చక్రాలకు అడ్డం పెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేయాలి. జాకీతో ఎత్తి, బరువును స్టాండు మీదికి దించి, అప్పుడు చక్రం తీయాలి. ప్యాడ్లను డిస్కుకు అదిమే క్యాలిపర్ బోల్టులు విప్పి, క్యాలిపర్‌ను తీగతో స్ప్రింగుకు వేలాడగట్టాలి. రబ్బరు గొట్టం మీద దాని బరువు పడితే గొట్టం లోపల తెగుతుంది, పైకి కనిపించదు. ప్యాడ్లు, వాటిని పట్టే బ్రాకెట్టు తీసేస్తే డిస్కు చేతికి రావాలి. విశాఖలో ఊరికే రాదు. తుప్పు దాన్ని హబ్‌కు అతికించేసి ఉంటుంది. కొత్తవాళ్లు సుత్తి అందుకుని బేరింగును పాడుచేసేది ఇక్కడే. చాలా డిస్కులకు టోపీ మీద మరలు కోసిన రెండు చిల్లులుంటాయి. వాటిలో సరైన బోల్టులు వేసి ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగిస్తే డిస్కు తనంత తానే హబ్‌ను విడిచి వస్తుంది.

హబ్ తోమాక, కొత్త డిస్కుకు పూసిన నూనెను బ్రేక్ క్లీనరుతో కడిగేయాలి. ఆ నూనె మరిచిపోతే కొత్త ప్యాడ్లు మొదటి రోజే పాడవుతాయి. పాత ప్యాడ్లను కొత్త డిస్కు మీద పెట్టకూడదు, ఒక పక్క మార్చి రెండో పక్క వదిలేయకూడదు. కొత్త ప్యాడ్లకు చోటిచ్చేందుకు క్యాలిపర్‌లోని పిస్టన్‌ను వెనక్కి నొక్కేటప్పుడు ఆయిల్ డబ్బాలో మట్టం పెరుగుతుంది, పొర్లితే కారు రంగు లేచిపోతుంది. బిగింపు విషయంలో మొహమాటం లేకుండా మాన్యువల్ చెప్పిన అంకెనే పాటించాలి. చిన్న కార్ల చక్రం నట్లు ఎక్కువగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటాయి. క్యాలిపర్, బ్రాకెట్టు బోల్టుల అంకెలు వేరు. కాలితో తొక్కి బిగించడం బలానికి నిదర్శనం కావచ్చు, కొలతకు కాదు. చివరగా, ఇంజిను స్టార్ట్ చేసి కారు కదిలించకముందే పెడలును గట్టిపడేదాకా తొక్కాలి. పిస్టన్ వెనక్కి ఉన్నప్పుడు మొదటి తొక్కుకు బ్రేకు అసలు పట్టదు. ఈ పనిలో కొత్తవాళ్లు సెల్లార్ గోడను గుద్దే సందర్భం ఇదే. ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10 కిలోమీటర్లకు ఓ పదిసార్లు, మధ్యలో చల్లారనిస్తూ, పూర్తిగా ఆపకుండా వేగం తగ్గిస్తే ప్యాడు, డిస్కు ఒకదానికొకటి సర్దుకుంటాయి.

> చెయ్యి పెట్టకూడని చోట్లు
> ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న వెనక డిస్కులు: వాటిని స్కానరుతో సర్వీసు మోడ్‌లో పెట్టకుండా పిస్టన్ నొక్కితే మోటారు పోతుంది. ఆయిల్ గొట్టాలు విప్పే ఏ పనైనా, ఏబీఎస్ యూనిట్ అయినా షెడ్డుకే. ప్యాడ్ల బూడిదను నోటితోనో ఎయిర్ పంపుతోనో ఊదకూడదు, తడిబట్టతో తుడవాలి.

ప్రాణంతో చెలగాటం కాదా?

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఇదే. తెలియనివాడు బ్రేకు విప్పితే పోయేది అతని ప్రాణమే కాదు, ఎదురొచ్చే ఆటోలోని పిల్లల ప్రాణాలూ పోవచ్చు. దీన్ని కొట్టిపారేయలేం. అయితే ఈ పనిలో మనిషిని చంపగల తప్పులు ఏమిటో చూస్తే, అవి వేళ్లమీద లెక్కపెట్టదగ్గవి, ప్రతిదీ పని ముగిశాక సరిచూసుకోదగ్గది. నట్లు బిగిశాయా, క్యాలిపర్ బోల్టులు బిగిశాయా, గొట్టం మెలిపడిందా, ప్యాడు తిరగబడిందా, పెడలు గట్టిపడిందా. ఆయిల్ గొట్టం విప్పనంతవరకు బ్రేకులోకి గాలి చొరబడే పనే లేదు. అరిగిన డిస్కుతో తెలియక తిరిగేవాడి తప్పు అలా సరిచూసుకోదగ్గది కాదు, ఎందుకంటే అతను చూడటమే లేదు. రెండు ప్రమాదాల్లో నాకు రెండోదే పెద్దదనిపిస్తుంది. మొదటిసారి చేసినప్పుడు మాత్రం, నమ్మకమున్న మెకానిక్కును పిలిచి బిగింపులన్నీ చూపించి, అడిగినంత ఇచ్చి పంపడం నామోషీ కాదు. కొత్త డిస్కులతో మర్నాడే కొండెక్కడం మాత్రం తెలివితక్కువ.

నిజమైన ప్రాణభయం ఎక్కడుందంటే, జాకీ కింద ఉంది. ఈ విషయంలో విశాఖకు ఒక వరం ఉంది, వాడుకోవడం లేదు. హిందుస్థాన్ షిప్‌యార్డులో, నావల్ డాక్‌యార్డులో, ఉక్కు కర్మాగారంలో, పోర్టులో పనిచేసే వేలమందికి, కంచరపాలెం ఐటీఐలో చదువుకున్నవాళ్లకి పానా పట్టడం ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. వేలాడే బరువు కింద నిలబడకూడదని వాళ్లకు మొదటి రోజే చెబుతారు. పర్మిట్ లేకుండా యంత్రం మీద చెయ్యి వేయరు. అదే మనుషులు ఇంటికొచ్చి, కారుతో ఇచ్చిన స్క్రూ జాకీ మీద టన్ను బరువు నిలబెట్టి, కింద తల పెట్టేస్తారు. ఆ జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే. స్టాండు లేకపోతే ఆ రోజుకు పని మానుకోవాలి, ఇటుకలు పేర్చి సరిపెట్టకూడదు. ఇటుక హెచ్చరించకుండా పగులుతుంది.

నకిలీ సామాను బెడద మరొకటి. అట్టపెట్టె చూసి మోసపోవడం తేలిక. కనిష్ఠ మందం అచ్చులేని డిస్కును, బ్యాచ్ నంబరు లేని ప్యాడును ఎంత చవకైనా వెనక్కి ఇచ్చేయాలి. కారు కంపెనీ నిర్దేశించిన కొలతకు భిన్నంగా, అందం కోసం చిల్లులు పొడిచిన పెద్ద డిస్కులు వేయడం వేరే సంగతి. కంపెనీ నిర్మాణాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. పాతది తీసి అదే కొలత కొత్తది వేసుకోవడానికి మాత్రం ఏ చట్టమూ అడ్డు రాదు.

చదివినవాళ్లందరూ డిస్కులు మార్చాలని ఈ కథనం అడగడం లేదు. చాలామందికి అది నచ్చదు, కొందరికి నడుం ఒప్పదు, చాలా అపార్ట్‌మెంట్లలో అసోసియేషన్ ఒప్పుకోదు. అడుగుతున్నది అంతకంటే చిన్నది. స్టాండు మీద కారు నిలిపి ఒక ముందు చక్రం విప్పండి. టార్చి వేసి డిస్కు లోపలి ముఖం చూడండి, అంచు తడమండి, అచ్చు వేసిన అంకె చదవండి, మళ్లీ నట్లు సరిగ్గా బిగించండి. మొదటిసారి గంట పడుతుంది. డిస్కులు ఆర్డరు పెట్టే ముందు, షెడ్డుకు ఫోను చేసే ముందు, ఆ గంట ఖర్చుపెట్టండి.